నీళ్ళు, నియాన్, ఏడు మీటర్ల చంద్రుడు: కథెడ్రళ్ళలో ఇన్‌స్టలేషన్లు ఏవి చూడాలి, విశాఖలో ఏవి నిలుస్తాయి

డిసెంబరు రాగానే విశాఖలో జ్ఞానాపురం నుంచి పాతనగరం దాకా ప్రతి క్రైస్తవ గుడిలోనూ క్రిస్మస్ పశువుల పాక లేస్తుంది. ముదురు కాగితం నలిపి రంగులద్ది కొండలు చేస్తారు, పళ్ళెంలో ఆవాలు చల్లి మొలకలతో పచ్చిక పెంచుతారు, సీరియల్ సెట్టు వేస్తారు. ఆ గుడి కోసమే కట్టి, కొన్నాళ్ళుంచి, మళ్ళీ విప్పేసేది. ఇన్‌స్టలేషన్ అంటే అంతే. యూరప్ కథెడ్రళ్ళు, అంటే బిషప్ పీఠమున్న పెద్ద చర్చిలు, ఆ పనిని కొన్ని దశాబ్దాలుగా ఇప్పటి కళాకారుల చేత చేయిస్తున్నాయి.

పిల్లలు ఇంగ్లండ్‌లో ఉన్న ఇళ్ళు విశాఖలో చాలా. చూడ్డానికి వెళ్ళిన అమ్మానాన్నల ప్రయాణంలో ఒక కథెడ్రల్ తప్పకుండా ఉంటుంది. లోపలికెళ్ళి, పైకప్పు చూసి, ఫొటో దిగి వచ్చేస్తారు. ఈ రివ్యూ వాళ్ళ కోసం. ఇక్కడ కూడా ఇలాంటిది పెడదామనుకునే విచారణ (చర్చి సంఘం) పెద్దల కోసం, మన సెట్టింగు, లైటింగు వాళ్ళ కోసం కూడా. మా కొలత ఒకటే: ఆ వస్తువుని తెచ్చి ఏదో ఫంక్షన్ హాల్లో పెడితే ఏం పోతుంది? ఏమీ పోకపోతే దాని కోసం అంత దూరం వెళ్ళక్కర్లేదు.

ఆ కొలతకి నూటికి నూరు నిలిచేది సాలిస్‌బరీ కథెడ్రల్‌లో విలియం పై అనే శిల్పి చేసిన జ్ఞానస్నాన తొట్టి. కథెడ్రల్ ప్రతిష్ఠ జరిగింది 1258లో. ఆ 750 ఏళ్ళ పండక్కి 2008లో దీన్ని పెట్టారు. సిలువ ఆకారంలో కంచు పాత్ర, దాదాపు మూడు మీటర్ల వెడల్పు, కంచుకి కావాలని పట్టించిన ఆకుపచ్చ చిలుము రంగు. నీళ్ళు అంచుదాకా నిండి నాలుగు మూలల నుంచి మాత్రమే, నాలుగు సన్నటి ధారలుగా కిందికి జారి నేలలోని జల్లెడలోకి పోతాయి. మధ్యలో ఉపరితలం మీద ఒక్క అల ఉండదు. దూరం నుంచి చూస్తే గాజు బల్ల. చెయ్యి ఆనిస్తే తడి తగిలాక గానీ నీళ్ళని తెలియదు. పిల్లల్ని, హ్యాండ్‌బ్యాగుల్ని కాస్త దూరంగా ఉంచండి.

మేస్త్రీ పని తెలిసిన వాళ్ళకి ఇక్కడ ఆగి చూడాల్సింది చాలా ఉంది. మూడు మీటర్ల పాత్రలో ఒక మూల వెంట్రుక వాసి దిగినా నీళ్ళన్నీ ఆ మూల నుంచే పోతాయి, మిగతా మూడూ ఎండిపోతాయి. రసమట్టంతో తేలే పని కాదు. నీళ్ళనే మట్టంగా చూసుకుంటూ సరిచెయ్యాలి. అడుగు నుంచి వచ్చే నీరు కాస్త జోరుగా వచ్చినా పైన బుడగ లేస్తుంది, అద్దం చెడుతుంది. ఆ నిదానమంతా దేనికంటే, తల వంచి చూస్తే నీళ్ళలో పైకప్పు కమాన్లు పూర్తిగా కనిపిస్తాయి. అంత ఎత్తున ఉన్న రాయి కాళ్ళ దగ్గరికి దిగివస్తుంది. అంచు మీద బైబిల్లోని యెషయా 43వ అధ్యాయంలోని వాక్యం చెక్కి ఉంటుంది, నీళ్ళలో నడిచేటప్పుడు నేను నీకు తోడుంటాను అనే మాట. పసిబిడ్డకి జ్ఞానస్నానం ఇచ్చేది ఆ నీళ్ళతోనే. అదే పాత్రని మ్యూజియంలో పెడితే మంచి కంచు పని మిగులుతుంది, పైకప్పూ పోతుంది, బిడ్డా పోతుంది.

నిలబడాల్సిన చోటు: ముందు పడమటి గుమ్మం వైపు నుంచి, కళ్ళు నీటి మట్టానికి వీలైనంత దగ్గరగా వచ్చేలా కాస్త వంగి చూడండి. తర్వాత మూల దగ్గరికి వెళ్ళి ధార చప్పుడు వినండి. జనం తక్కువుండే ఉదయం తెరవగానే వెళ్తేనే ఆ చప్పుడు తెలుస్తుంది. లండన్ వాటర్లూ స్టేషన్ నుంచి రైల్లో గంటన్నర. అదే టిక్కెట్టుకి 1215 నాటి మాగ్నా కార్టా (రాజు అధికారానికి హద్దులు పెట్టిన పత్రం) ప్రతి కూడా చూడొచ్చు, బయట బ్రిటన్‌లోనే ఎత్తైన 123 మీటర్ల చర్చి శిఖరం ఉంటుంది. టిక్కెట్టు వృథా కాదు.

రెండోది వించెస్టర్. ఆంటొనీ గోర్మ్‌లీ 1986లో చేసిన ‘సౌండ్ టూ’, నేలమాళిగలో ఒంటరిగా నిలబడ్డ మనిషి ఎత్తు సీసపు బొమ్మ. తన ఒంటికే అచ్చు తీసి చేశాడు. దోసిట్లో నీళ్ళు పట్టుకుని తల వంచి చూస్తూ ఉంటుంది. వానాకాలంలో ఆ నేలమాళిగ మునుగుతుంది, బొమ్మ కాళ్ళు నీళ్ళలో ఉంటాయి. ఎండాకాలం వెళ్తే రాతి నేల మీద ఒక బొమ్మ, అంతే. చలికాలం బాగా వానలు పడ్డాక వెళ్తే నల్లటి నీళ్ళలో తలకిందులుగా ఇంకో మనిషి. మునిగినప్పుడు లోపలికి దిగనివ్వరు, మెట్ల కింది చప్టా మీద నుంచే చూడాలి. అలా చూడ్డమే బాగుంటుంది.

డైవర్ల ఊరి వాళ్ళకి ఇక్కడ ఇంకో సంగతి పట్టుకుంటుంది. ఆ కథెడ్రల్ కింద ఉన్నది మెత్తటి బురద నేల, దాని కింద ఊట. గోడలు కుంగిపోతుంటే 1906 నుంచి 1911 దాకా విలియం వాకర్ అనే డైవరు పునాదుల కింద, కంటికి ఏమీ కనిపించని మురికి నీళ్ళలో, చేతి తడుముడుతోనే కాంక్రీటు బస్తాలు పేర్చాడు. ఊట ఆగాక నీళ్ళు తోడి పైన ఇటుకా రాయీ కట్టారు. ఆ నీళ్ళు గుర్తుపెట్టుకుని దోసిట్లో చూస్తున్న బొమ్మని చూడండి. ఆ చోటు నుంచి దాన్ని విడదీయలేం. వించెస్టర్‌కి వాటర్లూ నుంచి రైల్లో గంట.

ఇక జనం ఎగబడేది ల్యూక్ జెరమ్ అనే కళాకారుడు చేసిన చంద్రుడి కోసం. ‘మ్యూజియం ఆఫ్ ద మూన్’ 2016లో మొదలైంది. ఏడు మీటర్ల గాలి గోళం, లోపల దీపం, పైన నాసా తీసిన చంద్రుడి ఫొటో. కొలత అయిదు లక్షలకి ఒకటి, అంటే గోళం మీద ఒక సెంటీమీటరు చంద్రుడి మీద 5 కిలోమీటర్లు. దీని తోబుట్టువు ‘గాయా’ 2018లో వచ్చింది. అది భూమి, అక్కడ సెంటీమీటరుకి 18 కిలోమీటర్లు. రెండూ ఊరూరా తిరుగుతాయి, ఎన్నో కథెడ్రళ్ళలో వేలాడాయి. టిక్కెట్టు కొనేముందు ఆ నెల అక్కడ ఉందో లేదో కథెడ్రల్ సైట్‌లో చూసుకోవాలి.

మా కొలతకి ఇది సగమే నిలుస్తుంది. ఫంక్షన్ హాల్లో పెట్టినా జనం వస్తారు, సెల్ఫీలు దిగుతారు. అయినా ఎత్తైన రాతి గుడిలో సాయంత్రం పూట ఇది చేసే పని వేరు. ఎలా చూడాలో తెలిస్తే డబ్బులు గిట్టుబాటు. అందరూ నేరుగా కిందికెళ్ళి చెయ్యెత్తి మోస్తున్నట్టు ఫొటో దిగుతారు. అక్కణ్ణుంచి కనిపించేది అడుగు భాగమే. ముందు గుమ్మం దగ్గరే ఆగండి. తర్వాత ఆల్టర్ (బలిపీఠం) వైపుకి నడిచి వెనక్కి తిరగండి. భూమ్మీద నుంచి ఎన్నడూ కనిపించని వెనక వైపు అక్కడుంటుంది. చందమామలో మనం చూసే కుందేలు నల్లటి లావా మైదానాల మచ్చ. వెనక వైపు అలాంటి మైదానాలు దాదాపు లేవు, కాబట్టి కుందేలూ లేదు. గుంతల మీద గుంతలు, తెల్లగా. చిన్నప్పట్నుంచి తెలిసిన మొహానికి వీపు చూసినట్టుంటుంది.

మన వాళ్ళు వెతకాల్సింది ఇంకొకటి. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగిన చోటు దక్షిణ అక్షాంశం 69 డిగ్రీల దగ్గర. గోళం మీద లెక్కకడితే దక్షిణ ధ్రువం నుంచి ఒకటింపావు మీటరు దూరం. ఉత్తరం పైకుండేలా వేలాడదీస్తే ధ్రువం అడుగున ఉంటుంది. కుందేలు వైపు మొహం పెట్టి నిలబడి, అడుగు నుంచి కొలుచుకుంటూ, మధ్య గీతకి కాస్త కుడివైపు చూడండి. గుర్తు ఏమీ ఉండదు. గోళం మీద 17 సెంటీమీటర్లుండే టైకో గుంతని ముందు పట్టుకుంటే దారి దొరుకుతుంది, దాని చుట్టూ తెల్లటి చారలు కిరణాల్లా పాకుతాయి.

జెరమ్‌కి ఈ ఆలోచన బ్రిస్టల్‌లోని ఆటుపోట్ల నుంచి వచ్చింది. అక్కడ పోటుకీ పాటుకీ తేడా 13 మీటర్ల దాకా వెళ్తుంది. మన హార్బరులో పౌర్ణమికి కూడా ఒకటిన్నర మీటరు దరిదాపుల్లోనే. అసలు చంద్రుడు ఆకాశంలో ఎంత కనిపిస్తాడో ఈ గోళం అంతే కనిపించాలంటే 770 మీటర్లు వెనక్కి నడవాలి, బీచ్ రోడ్డు మీద పది నిమిషాల నడక.

లోపాలు చెప్పాలి. పగలు కిటికీల నుంచి వెలుతురు పడితే గోళం వెలిసిపోయినట్టుంటుంది. చీకటి పడ్డాక స్లాటు దొరికితే అదే కొనండి. డిసెంబరులో అక్కడ నాలుగింటికే చీకటి. కప్పు తక్కువున్న చోట వేలాడదీస్తే పైన ఖాళీ ఉండదు, గుడిలో ఇరుక్కున్న బంతిలా అవుతుంది. దీని కోసం చేసిన డాన్ జోన్స్ సంగీతం సాగదీసిన స్వరాలతో ఉంటుంది కాబట్టి రాతి గోడల ప్రతిధ్వనిలో చెడదు. కానీ పక్కనే మైకులో ప్రకటన చేస్తే ఒక్క మాటా అర్థం కాదు. ప్రతి అక్షరం అయిదారు సెకన్లు గాల్లో ఉండిపోతే తర్వాతి అక్షరం దాంట్లో కలిసిపోతుంది. ఫోన్‌తో ఫొటో తీసేటప్పుడు గోళం మీద వేలుపెట్టి వెలుతురు బాగా తగ్గించండి, లేకపోతే గుంతలన్నీ పోయి తెల్ల ట్యూబులైటు మిగులుతుంది.

మిగతావి త్వరగా. లండన్ సెయింట్ పాల్స్‌లో బిల్ వయోలా వీడియో ‘మార్టిర్స్’ (విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాళ్ళు) 2014లో పెట్టారు. నిలువుగా నాలుగు ప్లాస్మా తెరలు, భూమి, గాలి, నిప్పు, నీరు, ఒక్కోదాన్లో ఒక మనిషి ఓర్చుకుంటూ ఉంటాడు. శబ్దం లేదు, దాదాపు ఏడు నిమిషాలు. మధ్యలో వచ్చి మధ్యలో పోతే ఏమీ అందదు. నలుగురూ కదలకుండా ఉన్న దగ్గర్నుంచి మళ్ళీ వెలుగు వచ్చే దాకా నిలబడాలి. ప్లాస్మా తెరలు ఇప్పుడెవరూ తయారుచెయ్యట్లేదు, అవి పాడయ్యేలోపు చూడ్డం మంచిది. లివర్‌పూల్ కథెడ్రల్‌లో ట్రేసీ ఎమిన్ గులాబి నియాన్ దీపపు రాత 2008 నుంచీ ఉంది, పెద్ద గుమ్మం పైన, చేతిరాతలో: నీ స్పర్శ తెలిసింది, నీకు నా మీద ప్రేమ ఉందని తెలిసింది. అది దేవుడితో అన్నదా మనిషితోనా అని చెప్పదు. లోపలికొచ్చేటప్పుడు వీపు వెనక ఉంటుంది, తిరిగి వెళ్ళేటప్పుడే కనిపిస్తుంది. ఆ చోటు ఎంచుకోవడంలోనే సగం బలం ఉంది. ప్రవేశానికి డబ్బు అడగరు, కానుక వెయ్యండి.

జర్మనీ వెళ్తే కొలోన్‌లో గెర్హార్డ్ రిక్టర్ కిటికీ, 2007. యుద్ధంలో పోయిన పాత అద్దాల చోట 72 రంగుల్లో 11 వేలకి పైగా గాజు చతురస్రాలు, ఏది ఎక్కడన్నది చాలావరకు కంప్యూటర్ చేత చీట్లు తీయించినట్టు. అప్పటి అక్కడి కార్డినల్ (పోపు తర్వాతి హోదా మతాధికారి)‌కి నచ్చలేదు, మసీదుకైతే సరిపోతుందన్నారు. దక్షిణపు కిటికీ కాబట్టి ఎండ ఉన్న రోజు మధ్యాహ్నం వెళ్ళండి. కిటికీ కంటే స్తంభాల మీద రంగులు పాకడం చూడండి.

ఇంగ్లండ్‌లోని నారిచ్ కథెడ్రల్‌లో 2019 ఆగస్టులో గుడి నడిమధ్యన 17 మీటర్ల జారుడు స్తంభం పెట్టారు, మన ఎగ్జిబిషన్‌లో పిల్లలు గోనెసంచి మీద జారేలాంటిది. పైకప్పు మీది మధ్యయుగపు రాతి శిల్పాల్ని దగ్గర్నుంచి చూపించాలని ఉద్దేశం. ఉద్దేశం మంచిదే, మేం ఒప్పుకోం. పైకెక్కిన వాడి మనసు జారడం మీద ఉంటుంది, శిల్పం మీద కాదు. ఆ పనికి ఒక అద్దాల బండి చాలు. నేల మీద పెద్ద అద్దం తోసుకుంటూ పోతే మెడ నొప్పి లేకుండా కప్పంతా కనిపిస్తుంది.

వెళ్ళేవాళ్ళకి మరో రెండు మాటలు. అక్కడ చెప్పులు విప్పక్కర్లేదు, విప్పితే రాతి నేల చలికి కాళ్ళు కొంకర్లు పోతాయి. నేల పలకల్లో చాలావరకు సమాధి రాళ్ళు. తొక్కడం మనకి ఇబ్బందిగా ఉంటుంది గానీ అక్కడ అందరూ నడుస్తారు, తప్పు పట్టరు. సాయంత్రం ఈవెన్సాంగ్ అనే పాటల ప్రార్థనకి టిక్కెట్టు ఉండదు, ఎవరైనా కూర్చోవచ్చు. కానీ ఆ సమయంలో తిరిగి చూడనివ్వరు, ఫొటోలు తీయనివ్వరు.

విశాఖలో ఏవి నిలుస్తాయన్నది అసలు ప్రశ్న. ఏడు మీటర్ల గోళం మన పాత గుళ్ళకి వద్దు. ఇంగ్లండ్ కథెడ్రళ్ళలో తాడు రాతి కమాన్ల కన్నాల్లోంచి పైకి పోతుంది, బరువు కమాను మీద పడకుండా పైనున్న దూలాల మీద పడుతుంది. మన దగ్గర టేకు దూలాలు, పైన పెంకో రేకో, మధ్యలో ఫ్యాన్లు. పైగా మన కిటికీలు తెరిచే ఉంటాయి. ఏడు మీటర్ల గోళం గాలికి 38 చదరపు మీటర్ల తెరచాప. లోపలి గాలి బరువే 200 కిలోల పైమాట. తాడు మీద ఆ బరువు పడదు, కానీ సాయంత్రం సముద్రపు గాలికి ఒకసారి ఊగడం మొదలైతే ఆ 200 కిలోలూ కూడా ఊగుతాయి. ఇద్దరు మనుషులు పట్టి ఆపలేరు.

చిన్నవి వేలాడదీయాలంటే ఫ్యాను కొక్కేనికి కట్టొద్దు, రెండు దూలాల మధ్య వాసాలకీ కట్టొద్దు. దూలాలు కలిసే కీలు దగ్గరే, మెత్తటి గుడ్డ చుట్టి బెల్టు స్లింగ్ వెయ్యాలి. అంతకు ముందు దూలం గోడలో దూరే చోట స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడండి. చెదలు, చెమ్మ మొదలయ్యేది అక్కడే, పైన పాలిష్ నిగనిగలాడుతూనే ఉంటుంది. ఇంజనీరు సరేనన్నాక వస్తువు బరువుకి ఒకటింపావు రెట్లు ఇసుక బస్తాలు ఒక రోజంతా వేలాడదీసి, దూలం మధ్య ఎంత దిగిందో దారం కట్టి కొలవాలి. ఉప్పు గాలికి మామూలు జీఐ వైరు నెలల్లోనే తుప్పెక్కుతుంది. స్టెయిన్‌లెస్ అయితే 304 గ్రేడు కాదు, 316 అడిగి తీసుకోండి. షాకిల్ (తాడు తగిలించే U ఆకారపు కొక్కెం) పిన్ను బిగించి వదిలేయకుండా సన్నటి తీగతో కట్టెయ్యాలి, ఊగులాటకి మర దానంతటదే విప్పుకుంటుంది. ఇవన్నీ షిప్‌యార్డు ఖలాసీలకి చేతిలో పనే. మండపాల సెట్టింగు వాళ్ళ కంటే ముందు వాళ్ళని పిలవండి. అక్టోబరు, నవంబరుల్లో పైన ఏమీ వేలాడదీయకండి. హుద్‌హుద్ తుఫాను వచ్చింది 2014 అక్టోబరు 12న.

కాగితపు పావురాలు అందరికీ నచ్చే ఆలోచన. లివర్‌పూల్‌లో పీటర్ వాకర్ 2021లో వేల కొద్దీ కట్టాడు. ఇక్కడి చెమ్మకి మామూలు కాగితం వారంలో రెక్కలు వాల్చేస్తుంది. తడి పీల్చని సింథటిక్ కాగితం వాడాలి, కొవ్వొత్తుల స్టాండు పైన ఎక్కడా ఉండకూడదు.

మనకి బాగా నప్పేది నీళ్ళే. సాలిస్‌బరీలాంటి పెద్ద పాత్ర అక్కర్లేదు, మీటరు వెడల్పు ఇత్తడి పళ్ళెం గుమ్మం లోపల, కిటికీ వెలుతురు పడే చోట చాలు. మూడు విషయాల్లో చెడిపోతుంది. నిలవ నీళ్ళలో వారంలో దోమ పిల్లలు తయారవుతాయి, కాబట్టి నీరు కదులుతూనే ఉండాలి లేదా మూడు రోజులకోసారి మార్చాలి. బోరు నీళ్ళయితే అంచున తెల్లటి ఉప్పు గీత కట్టి ధార పక్కకి పోతుంది, ఫిల్టరు నీళ్ళు పొయ్యాలి. మూడోది అన్నిటికంటే ఎక్కువ జరిగేది: ఇష్టపడి పట్టించిన చిలుము రంగుని మురికనుకుని ఎవరో భక్తిగా చింతపండు పెట్టి తోమేస్తారు. శుభ్రం చేసే అమ్మకి మొదటి రోజే దగ్గరుండి చూపించాలి, పళ్ళెం పక్కన తెలుగులో ఒక చీటీ కూడా పెట్టాలి. మోటారు పంపుకి 30 మిల్లీ యాంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చి) తప్పనిసరి, జనం వేళ్ళు ముంచే నీళ్ళవి.

తేదీ పెట్టేముందు ఫాదర్ గారి దగ్గర తపస్సుకాలం (ఈస్టర్‌కి ముందు నలభై రోజులు), పెళ్ళిళ్ళు, పండగల క్యాలెండరు తెచ్చుకోండి. నడవ మధ్యలో ఒకటిన్నర మీటరు ఖాళీ ఉండాలి, శవపేటికా ఆ దారినే వస్తుంది, పెళ్ళికూతురూ ఆ దారినే వస్తుంది. వెనక బెంచీలో కూర్చున్న ముసలమ్మకి పీఠం కనిపించాలి. ఆ బెంచీలో కూర్చుని చూసుకుని మరీ చోటు ఖాయం చెయ్యండి. విప్పే రోజుకి కూడా మనుషుల్ని ముందే మాట్లాడిపెట్టుకోవాలి. టేపు అంటించిన టేకు బెంచీల మీద జిగురు ఎండకముందే కొబ్బరినూనెతో తుడవాలి, స్లింగులు తీశాక దూలం మీద ఒరిపిడి గీత పడిందేమో టార్చి వేసి చూడాలి. తాడు కోసం పెంకు తప్పించిన చోట ఆ రాత్రే మళ్ళీ పెంకు కప్పించండి, తెల్లారేసరికి గబ్బిలాలు చేరతాయి.